రాప్ మళ్లీ క్లబ్బు మెట్లెక్కిన పాట

న్యూయార్క్ రాప్ బృందం జంగిల్ బ్రదర్స్ 1988లో ‘ఐల్ హౌస్ యూ’ అనే సింగిల్ తెచ్చింది. మాటలు వాళ్లవే, కింద నడిచే సంగీతం మాత్రం వాళ్లది కాదు. అదే నగరానికి చెందిన టాడ్ టెర్రీ ‘రాయల్ హౌస్’ పేరుతో చేసిన ‘కెన్ యూ పార్టీ’ అనే క్లబ్ ట్రాక్ మీద వాళ్లు రాప్ కట్టారు. రాప్, హౌస్ సంగీతాల ఆ కలయికకు హిప్-హౌస్ అని పేరు స్థిరపడింది.

హౌస్ సంగీతం షికాగోలో పుట్టింది. ‘వేర్‌హౌస్’ క్లబ్బులో ఫ్రాంకీ నకుల్స్ రికార్డులు వేస్తుంటే తెల్లవార్లూ ఆడినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే యువకులు. ఆ కారణంగానే హౌస్‌ని చిన్నచూపు చూసిన రాపర్లు అప్పట్లో ఉన్నారు. అందుకే ఈ పాటలోని ధైర్యం నాకు సంగీతం కంటే ముందు కనిపిస్తుంది.

ఇక అసలు చిక్కు వేగంతో. హౌస్‌లో బేస్ డ్రమ్ ప్రతి దెబ్బకూ మోగుతుంది, నిమిషానికి సుమారు 120 సార్లు. ఆనాటి రాప్ చాలావరకు 90, 100 దగ్గర నడిచేది. నాలుగు దెబ్బల ఆవర్తం 90 వేగంలో దాదాపు 2.7 సెకన్లు పడుతుంది, 120లో సరిగ్గా 2 సెకన్లే. అంటే రాపర్ చేతిలో ఉన్న చోటు నాలుగోవంతు తగ్గిపోయింది. పాత పద్ధతిలోనే మాటలు కూరితే ఊపిరి అందదు, అందినా ఆడేవాళ్లకు అర్థం కాదు. జంగిల్ బ్రదర్స్ మాటలు తగ్గించారు. పొట్టి పొట్టి పిలుపులు, మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి, మధ్యలో డ్రమ్‌కు వదిలిన ఖాళీ. కథ చెప్పే రాప్‌తో పోలిస్తే ఇది తేలికని కొందరంటారు. నేనొప్పుకోను. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా విద్యే.

నిజానికి రాప్, క్లబ్ సంగీతం ఒకదానికొకటి పరాయివి కావు. రాప్‌ని రేడియోకెక్కించిన ‘రాపర్స్ డిలైట్’ 1979లో షిక్ బృందం డిస్కో పాట ‘గుడ్ టైమ్స్’ బాణీ మీదే నిలబడింది. తర్వాత రన్-డిఎంసి లాంటివాళ్లు గట్టి డ్రమ్ మెషీన్ దరువుతో రాప్‌ని డిస్కోకు దూరం జరిపారు. జంగిల్ బ్రదర్స్ దాన్ని తిరిగి క్లబ్బుకు తీసుకొచ్చారు. 1988లోనే షికాగోలో ఫాస్ట్ ఎడ్డీ, టైరీ కూపర్, మరుసటి ఏడాది బెల్జియంలో టెక్నోట్రానిక్ ఆ దారి పట్టారు.

‘కెన్ యూ పార్టీ’ ముందు వినండి, వెంటనే ‘ఐల్ హౌస్ యూ’ వినండి. రెండోసారి మాటల్ని వదిలేసి, మాటల మధ్య ఖాళీలమీద చెవి పెట్టండి.