వెబ్ సర్వర్ అమరికయు తెలుగు పుటలును

2006వ సంవత్సరమున తమిళనాట తమిళ అభ్యసన చట్టము వచ్చి, తమిళము దశలవారీగా నిర్బంధ పాఠ్యాంశమైన పిమ్మట, హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగు పిల్లలకు బడి వెలుపల దొరకు తెలుగు పుటల అవసరము హెచ్చినది. అట్టి పుటలను అంతర్జాలమున అందించునది వెబ్ సర్వర్.

1995లో వెలువడిన అపాచీ సర్వర్లలో ప్రసిద్ధము. దాని నడవడియంతయు ఆంగ్ల ఆజ్ఞల పట్టికపై ఆధారపడియున్నది. అందొక ఆజ్ఞ తప్పి, యూటీఎఫ్-8 పుటను సర్వర్ లాటిన్ పుటగా ప్రకటించినచో, ‘అ’ అను ఒక్క అక్షరమునకు మారుగా మూడు వింత గుర్తులు కానవచ్చును. చదువరికి ఆ పుట లేనట్లే.

ఈ చిక్కును తగ్గించు సాధనములు రెండు విధములు. 1997లో వచ్చిన వెబ్‌మిన్ వంటి చిత్రరూప సాధనమున తెరపై గడులు నింపినచో, ఆజ్ఞలను అదియే వ్రాయును. జీతమిచ్చి నిపుణుని నిలుపుకొనలేని చిన్న సంఘమునకు ఇది గొప్ప సౌకర్యము. రెండవది మార్పిడి స్క్రిప్టు. ఇది పాత ఆజ్ఞలను కొత్త రూపమునకు తెచ్చును. 2012లో అపాచీ 2.4 ప్రవేశ, నిషేధ నియమములకు నూతన పద్ధతి నేర్పరచినప్పుడు ఇట్టి మార్పిడి అవసరమైనది.

అయినను స్క్రిప్టు పదమును మార్చును గాని భావము నెరుగదు. పాత పద్ధతిలో అనుమతి ముందో, నిషేధము ముందో అను క్రమమును బట్టి అర్థము మారును. సర్వర్‌తో వచ్చు పరీక్షాజ్ఞ వ్యాకరణ దోషమునే పట్టును, అర్థదోషమును పట్టదు. కనుక మార్పిడికి ముందు పాత పట్టికకు ప్రతి తీసి ఉంచి, పిదప వేరొక యంత్రమున ఒక తెలుగు పుటను తెరచి చదివి చూడవలెను. ఇంతపాటి జాగ్రత్త వహించిన సంఘము తన సంచికలను తానే పిల్లలకు అందింపగలదు.