కంప్యూటరులకును కుడిమరామత్తు

చెరువును త్రవ్వించినవాని పేరు శిలాశాసనమునందు నిలుచును. ఏటేట పూడిక తీసి గట్టుకు మట్టి వేసినవారి పేరు లెచ్చటను కానరావు. అయినను ఆయకట్టు పండుట ఈ రెండవవారి వలననే యని మన రైతు లెల్లరు నెఱుగుదురు. గ్రామస్థు లందఱు చేయి వేసి కాలువలను బాగుచేసికొను ఆచారమునకు కుడిమరామత్తని పేరు. అది సడలిన గ్రామములలో చెరువు లేమయ్యెనో వేఱుగ చెప్ప నక్కఱలేదు. నేడు మన కార్యాలయములను, కళాశాలలను నడపుచున్న కంప్యూటరుల విషయమునను ఇట్టి ప్రశ్నయే యొకటి కలదు. దానిని పాఠకుల యెదుట పెట్టుట మా యుద్దేశము.

కంప్యూటరును నడపు ప్రధాన సాఫ్టువేరునకు ఆపరేటింగ్ సిస్టం అని పేరు. అందు కొన్ని వ్యాపారసంస్థల సొత్తు; వాని లోపలి రచనను కొన్నవాడు చూడరాదు, మార్చరాదు. మఱికొన్నింటి మూలరచన, అనగా సోర్సు కోడ్, సర్వజనులకును తెఱచియుండును. ఇట్టివానిలో డెబియన్ మిక్కిలి పేరెన్నిక కన్నది. ఇయాన్ మర్డాక్ అను అమెరికా విద్యార్థి 1993 ఆగష్టు 16వ తేదీన దీనిని ప్రారంభించెను. దీనికి యజమాని లేడు. నానాదేశములలోని స్వచ్ఛంద కార్యకర్తలు దీనిని పోషించుచున్నారు. 2025 ఆగష్టులో వెలువడిన 13వ కూర్పునందు 69 వేలకు పైబడిన ప్యాకేజీలు గలవు. బహుళ ప్రచారము నందిన ఉబుంటుయు దీనినుండి పుట్టినదే.

ఈ ప్యాకేజీలు తమంత తామే పుట్టవు. వీనికి మూలమైనది సోర్సు ప్యాకేజి. అందు సాధారణముగా మూడు భాగము లుండును. మొదటిది, మూలకర్త వెలువరించిన రచన. రెండవది, డెబియన్ సంరక్షకుడు చేర్చిన పత్రములు: దీనిని కట్టుట కే పరికరములు వలయునో, ఏ క్రమమున కట్టవలెనో, దీని హక్కులు ఎవరివో, ఏ తేదీన ఏ మార్పు జరిగెనో అన్నియు నందుండును. మూడవది, పై రెండింటిని సరిచూచు సంఖ్యలతోను సంరక్షకుని డిజిటల్ సంతకముతోను కూడిన చిట్టా. తరువాత ఒక్క యక్షరము మారినను సంఖ్య సరిపడదు. ఈ మూలమును తీసికొని, చెప్పిన పరికరములు తప్ప వేఱేమియు లేని శుభ్రస్థలమున, 7 విధములైన యంత్రములకు వేర్వేఱుగ ప్యాకేజీలను కట్టుదురు.

ఒకసారి కట్టినతో పని తీరదు. మూలకర్త క్రొత్త కూర్పును విడుదల చేసినపుడెల్ల దానిని పరిశీలించి, తన మార్పులను మరల అమర్చవలెను. కంపైలరు మారినచో నిన్నటివఱకు సరిగా నుండిన ప్యాకేజి నేడు కట్టబడకపోవచ్చును. రక్షణలోపము బయటపడినచో, దాని దిద్దుబాటును జనులు వాడుచున్న పాత కూర్పునకు జాగ్రత్తగా చేర్చవలెను. ఇదియే పూడికతీత. సరిగా జరిగిన దినములలో దీనిని తలచువాడే యుండడు.

సరిగా జరుగనిచో నేమగునో రెండు దృష్టాంతములు చెప్పుచున్నాము. రహస్యసంభాషణకు తాళపుచెవులను తయారుచేయు ఓపెన్ ఎస్ఎస్ఎల్ అను సాఫ్టువేరునందు 2006లో డెబియన్ తరఫున ఒక మార్పు జరిగెను. ఒక హెచ్చరికను తొలగింపనెంచి తీసివేసిన వాక్యముతోడనే యాదృచ్ఛికతయు పోయెను. తత్ఫలితముగా, లెక్కింపశక్యము కానన్ని యుండవలసిన తాళపుచెవులు ఒక్కొక్క రకమునకు 32,767 మాత్రమే యయ్యెను. 2008 మే నెల వఱకు ఈ లోపము బయటపడలేదు. సదుద్దేశ మొక్కటియే చాలదనియు, మార్పును మఱియొక కన్ను చూడవలెననియు దీనివలన తెలిసినది.

రెండవది దుర్బుద్ధితో చేసినది. దస్త్రములను కుదించు ఎక్స్‌జెడ్ అను చిన్న సాఫ్టువేరును ఏండ్లతరబడి ఒక్కడే జీతము లేక పోషించుచుండెను. జియా టాన్ అను పేరు పెట్టుకొన్న అజ్ఞాత వ్యక్తి రెండేండ్లకు పైగా సాయము చేసి, నమ్మిక సంపాదించి, విడుదలలు చేయు నధికారము పొందెను. 2024లో ఆతడు విడుదల చేసిన కట్టలలో దొంగదారి దాగియుండెను. దానిని మేల్కొలుపు లిపి, అందఱును చూచు మూలరచనా భాండారమునందు లేదు. విడుదల చేసిన కట్టలో మాత్రమే యుండెను. ప్యాకేజి కట్టు సమయమునందే యది పనిచేయునట్లు పన్నిరి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, లాగిన్ అగుటకు అర సెకను ఆలస్యమగుటను గమనించి, ఊరకుండక శోధించి, మార్చి 29న లోకమునకు వెల్లడించెను. అప్పటికి డెబియన్ పరీక్షాకూర్పులకు ప్రాకిన విషము స్థిరమైన కూర్పును చేరలేదు. ఆ అర సెకనును ఉపేక్షించియుండినచో అసంఖ్యాక యంత్రముల తలుపులు అన్యుల చేత పడియుండెడివి.

ఇట్టి యపాయమునకు విఱుగుడుగా కొంత యత్నము జరుగుచున్నది. ఒకే మూలమును ఇద్దఱు రెండు తావుల కట్టినచో అక్షరము పొల్లుపోక ఒకే ఫలము రావలెననుట యొక నియమము. కట్టిన సమయము ముద్రపడుట, దస్త్రముల వరుస మారుట వంటి కారణములచే నిది కష్టమై యుండెను. 2013 నుండి డెబియన్ కార్యకర్తలు వీని నొక్కటొక్కటిగా తొలగించుచున్నారు. ఇది పూర్తియైనచో కట్టినవాని మాటను నమ్మనక్కఱలేదు; ఎవరైనను కట్టి సరిచూడవచ్చును. కాని మూలమునందే విషము కలిసినచో ఈ నియమ మొక్కటి చాలదు. అచ్చట మనుష్యులే కావలి యుండవలెను.

మన మాట యేమి? మనదేశమున నీ సాఫ్టువేరు విరివిగా వాడుకలో నున్నది. కేరళ పాఠశాలలలో స్వేచ్ఛా సాఫ్టువేరుతో బోధన జరుగుచున్నది. 2023 సెప్టెంబరులో డెబియన్ వార్షిక మహాసభ కొచ్చిలోనే జరిగినది. తెలుగునాట ఇంజనీరింగు కళాశాలలకు కొఱత లేదు. అయినను, ఒక్క సోర్సు ప్యాకేజిని విప్పి, కట్టి, లోపమును దిద్ది పంపిన విద్యార్థి యెందఱిలో నొకడుండునో ఉపాధ్యాయులే చెప్పవలెను. ఉచితముగా దొరకునది శ్రమలేక పుట్టిన దని భ్రమపడుట మనకు తగదు. నీరు పాఱించుకొనువాడు పూడికతీతకు ఆళ్ల నంపవలదా?

కావున ప్రతి కళాశాలయు కొన్ని ప్యాకేజీల పోషణను తన బాధ్యతగా స్వీకరింపవలెననియు, ఈ సాఫ్టువేరువలన లాభపడు సంస్థలు అందలి సంరక్షకులకు జీతభత్యము లిచ్చుటకు కొంత సొమ్ము ప్రత్యేకింపవలెననియు మా యభిప్రాయము. మూలము తెఱచియుండుట హక్కు మాత్రమే. దానిని చదువువారును కట్టువారును మనలో లేనిచో ఆ హక్కు కాగితముపైననే నిలుచును. అర సెకను ఆలస్యమును గమనించువాడు ప్రతిసారియు దొరకడు.