రచయిత పేరిట ఒక రాత్రి బస

ప్రసిద్ధ రచయిత పేరు పెట్టిన హోటలులో ఒక రాత్రి గడపుట నేడు పలు దేశములలో వేడుకయైనది. బాటసారికి మంచమును, భోజనమును దొరకిన చాలదు. తన అభిమాన రచయిత నివసించిన గది కూడ కావలెను. ఈ కోరికను చూచి నవ్వ నక్కరలేదు. గ్రంథమును ప్రేమించినవాడు గ్రంథకర్త మసలిన చోటును చూడగోరుట సహజమే. కాని ఆ గది చెప్పు కథను కూడ వినవలెను.

పారిస్ నగరమున బోజార్ వీధిలో 13వ నంబరు భవనము కలదు. పూర్వ మది ఆల్సాస్ అను సామాన్యమైన హోటలు. తన నాటకములతో లండను నగరమును నవ్వించిన ఆస్కార్ వైల్డ్, కారాగారవాసము తరువాత చేతిలో డబ్బు లేక అందు తలదాచుకొనెను. యజమాని దుపోరియే ఆయనకు అరువిచ్చి ఆదరించెను. 1900 నవంబరు 30వ తేదీన వైల్డ్ అచ్చటనే కన్ను మూసెను. మిగిలిన బాకీని తరువాత మిత్రుడు రాబర్ట్ రాస్ తీర్చెను. నేడు ఆ భవనము 'లోతెల్' అను విలాసవంతమైన హోటలు; 16వ నంబరు గదికి వైల్డ్ పేరు. నాడు అద్దె చెల్లింపలేని వాని పేరే నేడు ఆ గదికి వెల తెచ్చుచున్నది!

అమెరికాలోని ఓరెగాన్ సముద్రతీరమున, న్యూపోర్టులో, 1987లో తెరచిన సిల్వియా బీచ్ హోటలు వేరొక త్రోవ త్రొక్కినది. 1922లో జేమ్స్ జాయిస్ 'యులిసీస్'ను ప్రచురించిన సాహసికురాలి పేరు దానికి పెట్టిరి. గదులకు మార్క్ ట్వేన్, అగాథా క్రిస్టీ మొదలగువారి పేర్లు పెట్టిరి. గదులలో టెలివిజను గాని టెలిఫోను గాని ఉంచలేదు. వచ్చినవాడు చదువుకొనవలెనని వారి తలంపు. ఇందు వివేక మున్నది. గోడమీది పటము రచయిత ముఖమును మాత్రమే చూపును. మనసును చూపునది పుస్తకమే.

మన సాహిత్యమునకు బస కొత్త కాదు. ఓరుగల్లు పూటకూటి యింట ఒక రూకకు లభించు భోజనమును 'క్రీడాభిరామము' నోరూరునట్లు వర్ణించినది. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కము'న గిరీశమునకు అన్నము పెట్టినది పూటకూళ్లమ్మయే. అతడామెను మోసగింపగా, చీపురుకట్ట పట్టి వెదకుచు వచ్చినదియు నామెయే. ఆమెకు పేరైనను లేదు. అయినను తెలుగువా రామెను మరువలేదు. దుపోరియేవలె ఆమెయు నమ్మి అన్నము పెట్టినదే. కాని ఈ కథలో బాకీ తీర్చు మిత్రుడు లేడు. ఆ పాత్రను సృష్టించిన గురజాడ అప్పారావు 1915లో, వైల్డ్ మరణించిన నవంబరు 30వ తేదీననే, కీర్తిశేషుడయ్యెను. విజయనగరమున ఆయన నివసించిన యిల్లు స్మారకముగా నిలిచియున్నది.

హైదరాబాదున మియాపూరు, చందానగరుల నడుమ ముంబయి రహదారిమీద మదీనాగూడ కలదు. సాంకేతికోద్యోగములకై, చదువులకై దూరపు ఊళ్లనుండి వచ్చిన యువకులకు, యువతులకు ఈ ప్రాంతపు హాస్టళ్లే నేటి పూటకూళ్ల యిండ్లు. వాటిని రచయితల పేర గొప్ప హోటళ్లుగా మార్చ నక్కరలేదు. ఒక్కొక్క హాస్టలులో ఒక చిన్న పుస్తకాల అర, దానిమీద ఒక రచయిత పేరు ఉన్న చాలును. అలసి వచ్చిన వాడు నిద్రకు ముందు నాలుగు పుటలు చదివినచో, ఆ రాత్రి ఆ రచయిత యింట అతిథియైనట్లే.

ఉపాధ్యాయులు ఈ పనికి పూనుకొనవచ్చును. విద్యార్థులను విజయనగరమునకు తీసికొనిపోవుటకు ముందు 'కన్యాశుల్కము' ప్రథమాంకమును తరగతిలో చదివింపుడు. అప్పుడు పిల్లలు ఆ యింటి గడపను పరిచితులవలె దాటుదురు. చదువక వెళ్లినవారికి అది వట్టి పాత యిల్లు మాత్రమే.