రాజు మీద ఒక పుస్తకం, చరిత్ర మీద ఒక పుస్తకం

అమెరికా పౌరసత్వ పరీక్షకు చదివినవారికి "స్వాతంత్ర్య ప్రకటన రాసినది ఎవరు?" అన్న ప్రశ్న గుర్తుండే ఉంటుంది. జవాబు జెఫర్సన్. అయితే ఆ ప్రకటనకు ఆరు నెలల ముందే, 1776 జనవరిలో, ఫిలడెల్ఫియాలో రచయిత పేరు లేకుండా ఒక చిన్న పుస్తకం వెలువడింది. అదే థామస్ పెయిన్ రాసిన 'కామన్ సెన్స్'. ఆయన ఇంగ్లండు నుంచి వచ్చి అప్పటికి ఏడాది దాటిందంతే. మనలాగే వలస వచ్చినవాడన్నమాట!

అప్పటికే యుద్ధం మొదలైంది. అయినా దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడం లేదన్నట్టు, రాజుగారు మంచివారే, తప్పంతా మంత్రులదీ పార్లమెంటుదీ అని 13 కాలనీలలో చాలామంది నమ్మేవారు. పెయిన్ సరిగ్గా ఆ నమ్మకం మీదే దెబ్బ కొట్టాడు. పన్నుల గొడవ పక్కన పెట్టి, అసలు తండ్రి తరువాత కొడుకు రాజు కావడమేమిటని అడిగాడు. పండితుల ఉటంకింపులకు బదులు ఇంటింటా ఉండే బైబిలునే సాక్ష్యానికి పిలిచాడు. రాజు కావాలన్న ఇశ్రాయేలీయులను సమూయేలు ప్రవక్త ఎలా హెచ్చరించాడో చూడమన్నాడు. చదువు రానివారికి చదివి వినిపించినా అర్థమయ్యే వాదన అది. కాలం కూడా కలిసివచ్చింది. కాలనీలు తిరుగుబాటు చేస్తున్నాయన్న మూడవ జార్జి ప్రసంగం ఆ రోజుల్లోనే ఫిలడెల్ఫియా చేరింది. లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయన్న లెక్కను ఇప్పటి చరిత్రకారులు కొందరు ఒప్పుకోరు. లెక్క ఎలా ఉన్నా, జూలైలో వచ్చిన స్వాతంత్ర్య ప్రకటనలోని నేరాల చిట్టా అంతా రాజు మీదే ఉండడం గమనించండి.

ఇక 1848 ఫిబ్రవరిలో లండనులో జర్మన్ భాషలో అచ్చయిన మార్క్స్, ఏంగెల్స్‌ల 'కమ్యూనిస్టు ప్రణాళిక' సంగతి చూద్దాం. అదీ చిన్నదే, 23 పేజీలు. దాని మీదా రచయితల పేర్లు లేవు. ఆ నెలలోనే పారిస్‌లో విప్లవం వచ్చింది గానీ, దానికీ ఈ పుస్తకానికీ సంబంధం లేదు. పుస్తకానికి విస్తారంగా పాఠకులు దొరికింది 1870ల తరువాతే. అందులోని పది డిమాండ్లు కొంత పాతబడ్డాయని 1872 ముందుమాటలో రచయితలే ఒప్పుకున్నారు. నిలిచినది చరిత్ర ఎటు నడుస్తోందన్న వివరణ. దాన్ని ఏ దేశానికైనా తీసుకుపోవచ్చు. పెయిన్ వాదన ఆ రాజుతో, ఆ ఏడాదితో ముడిపడినది. నా మటుకు, అటా ఇటా అని ఊగుతున్నవారిని ఒప్పించడంలో పెయిన్‌దే పైచేయి.

ఆ పెయినే తరువాత 'ఏజ్ ఆఫ్ రీజన్'లో బైబిలునే విమర్శించాడు. ఒకప్పుడు నెత్తిన పెట్టుకున్న పాఠకులే మొహం చాటేశారు. 1809లో న్యూయార్కులో ఆయన చనిపోతే అంత్యక్రియలకు పట్టుమని పదిమంది కూడా రాలేదు.