మానసిక వైద్యుని గడప తొక్కితే...

జ్వరం వస్తే సెలవు చీటీ రాస్తాం. కాలు బెణికితే పదిమందికీ చూపిస్తాం. కానీ మూడు వారాలుగా నిద్ర పట్టడం లేదనీ, పుస్తకం తెరిస్తే ఒక్క ముక్కా బుర్రకెక్కడం లేదనీ హాస్టల్లో పక్క మంచం స్నేహితుడికి కూడా చెప్పం. చెబితే పిచ్చి అంటారని భయం! ఆ భయంతోనే కిందటేడు నేను నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. అక్కడ ఏం జరుగుతుందో ముందే తెలిసివుంటే ఎప్పుడో వెళ్ళేవాణ్ణి. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా, ఎవరెవరో తెలుసుకుందాం. సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. అయ్యాక మానసిక వైద్యంలో పై చదువు చదివిన డాక్టరు. మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్టు పరీక్షలు పెడతారు, మాటలతో చికిత్స చేస్తారు, మందులు రాయరు.

మొదటి రోజు చాలావరకు ప్రశ్నలే. నిద్ర ఎలా వుంది, ఆకలి ఎలా వుంది, ఎప్పటినుంచి ఇలా వుంది, ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది వచ్చిందా, తాగుడు అలవాటుందా అని అడుగుతారు. రక్తపరీక్ష కూడా రాయవచ్చు. థైరాయిడ్ తగ్గినా మనసు దిగాలుగానే వుంటుంది మరి.

తరువాత ఒక కాగితం ఇస్తారు. నాకిచ్చినది పి.హెచ్.క్యు.-9. అందులో 9 ప్రశ్నలు. గడచిన రెండు వారాల్లో ఒక్కో బాధ ఎంత తరచుగా కలిగిందో 0 నుంచి 3 వరకు అంకె వేయాలి. మొత్తం 27. ఇది మన పరీక్షల్లాంటిది కాదు, ఇందులో పాసూ ఫెయిలూ లేవు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే ఇంకా లోతుగా చూడాలని సూచన, అంతే. ఆ అంకె ఒక్కటే చూసి జబ్బు పేరు పెట్టరు.

తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన గురించి. నేను 0 వేశాను. సైకాలజిస్టు చూసి, "తొమ్మిదోది ఇంకోసారి చదవండి, తొందరేం లేదు" అన్నారు. చదివి, కొట్టేసి, 2 వేశాను. కేకలు లేవు, నీతులు లేవు. ఇంట్లో పురుగుమందు ఎక్కడ పెడతారని మాత్రం అడిగారు. వసారాలో అన్నాను. నన్ను అడిగి, నేను సరేనన్నాకే ఆవిడ నాన్నతో మాట్లాడారు. ఆనాటినుంచి ఆ డబ్బాలు తాళం వేసిన పెట్టెలో వున్నాయి. తాళంచెవి అమ్మ దగ్గర.

మనం చెప్పినది గోప్యంగా వుంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. ప్రాణానికి ముప్పు వున్నప్పుడు మటుకు అవసరమైనంత వరకు చెప్పవచ్చు. ఆ హద్దు ఏమిటో మొదటిరోజే అడిగి తెలుసుకోండి.

మాటల చికిత్స సాధారణంగా వారానికొకసారి, ముప్పావుగంట నుంచి గంట దాకా. ఇంటిపని కూడా వుంటుంది. నేను రాసుకున్న మొదటి ఆలోచన: "ఒక్క పేపరు పోతే నాన్న అప్పు ఇక తీరదు." దానికి ఎదురుగా రుజువులు రాయమన్నారు. పేపరుకీ అప్పుకీ ముడి వేసింది నేనేనని కాగితం మీద చూశాకే తెలిసింది! మొదటిరోజు ఏడ్చి బరువుగా ఇంటికి రావచ్చు, అది మామూలే. దిగులు తగ్గించే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. డాక్టరుకు చెప్పకుండా మానకూడదు. ఆ సైకాలజిస్టుతో మనసు కలవకపోతే ఇంకొకరి దగ్గరకు వెళ్ళవచ్చు, తప్పేమీ లేదు.

నాన్న ఏమంటారోనని హడలిపోయాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత అన్నారు: "పైరు పసుపెక్కితే మట్టి పరీక్ష చేయిస్తాం గానీ పైరును తిడతామట్రా?"

మిత్రులారా, ఇంతకు మించి నేను చెప్పేదేముంది! ఆసుపత్రికి వెళ్ళే ధైర్యం చాలకపోతే ముందు 14416కు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అది. డబ్బు కట్టనక్కరలేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. తొమ్మిదో ప్రశ్న దగ్గర మాత్రం అబద్ధం రాయకండి.

— బి.యస్సీ., తృతీయ సంవత్సరం