నిలబడి చేసే పనితో గుండెకు సత్తువ వస్తుందా?

సూరత్‌లోని పాండేసర పారిశ్రామికవాడ మరమగ్గాలకు, అద్దకం, ప్రింటింగ్ మిల్లులకు పేరు. తెలంగాణ నుంచి వలస వెళ్లిన ఎన్నో చేనేత కుటుంబాలకు సూరత్ వస్త్ర పరిశ్రమే జీవనాధారం. సాంచాల దగ్గర 12 గంటల షిఫ్టు నిలబడే మనిషికి ‘ఇక వేరే వ్యాయామం ఎందుకు?’ అనిపించడం సహజమే. కానీ ఒళ్లు అలసిపోవడం వేరు, గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం పెరగడం వేరు. ఆ సామర్థ్యాన్ని ఖరీదైన యంత్రాలు లేకుండానే అంచనా వేయవచ్చు.

కొలిచేది దేన్ని?

ఊరికే కూర్చున్నప్పుడు మన శరీరం కిలో బరువుకు నిమిషానికి సుమారు 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటుంది. నిలబడి చేసే తేలికపాటి పనికి దానికి రెండు, మూడు రెట్లు చాలు. గరిష్ఠంగా ఎంత వాడుకోగలమన్నదే శారీరక సామర్థ్యానికి ముఖ్యమైన కొలమానం. షిఫ్టు ఎంత పొడవైనా, పని తేలికదైతే గుండె ఆ గరిష్ఠ స్థాయి దరిదాపులకు వెళ్లదు.

మూడు తేలిక పరీక్షలు

ఆరు నిమిషాల నడక: 30 మీటర్ల సమతల దారిలో అటూ ఇటూ వీలైనంత వేగంగా నడవాలి, పరుగెత్తకూడదు. నడిచిన మొత్తం దూరమే ఫలితం. 1998లో అమెరికాలో రూపొందించిన సూత్రం ప్రకారం 40 ఏళ్లు, 165 సెం.మీ. ఎత్తు, 60 కిలోల బరువున్న పురుషుడు దాదాపు 634 మీటర్లు నడవాలి.

కుర్చీ పరీక్ష: చేతులు ఛాతీకి అడ్డంగా కట్టుకుని, నిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కించాలి. ఇది ముఖ్యంగా కాళ్ల బలాన్ని చూపుతుంది. 2013లో వెలువడిన స్విట్జర్లాండ్ అధ్యయనంలో 20-24 ఏళ్ల పురుషుల మధ్యస్థ విలువ 50, మహిళలది 47.

మెట్టు పరీక్ష: 41.3 సెం.మీ. ఎత్తున్న మెట్టును మూడు నిమిషాలపాటు ఎక్కి దిగాలి. పురుషులు నిమిషానికి 24 సార్లు, మహిళలు 22 సార్లు. 60 కిలోల పురుషుడు ఇలా నిమిషంలో దాదాపు 10 మీటర్లు పైకెక్కినట్టే. అంటే గురుత్వాకర్షణకు ఎదురుగా సుమారు 97 వాట్ల పని. ఒకే బరువున్న వారందరికీ ఈ పని సమానం, దానికి గుండె స్పందించే తీరే వేరు. అందుకే ఆపిన ఐదు సెకన్ల తర్వాత 15 సెకన్లు నాడి లెక్కించి, నాలుగుతో హెచ్చిస్తారు. ఆ సంఖ్య తక్కువైతే సామర్థ్యం ఎక్కువని అర్థం.

ఎవరితో పోల్చుకోవాలి?

ఈ ప్రామాణిక విలువలు చాలావరకు పాశ్చాత్యుల మీద తయారైనవి. భారతీయుల మీద జరిగిన కొన్ని అధ్యయనాల్లో నడక దూరాన్ని అవి ఎక్కువగా అంచనా వేస్తున్నట్టు తేలింది. కాబట్టి 634 మీటర్లు చేరలేదని కంగారు పడనక్కర్లేదు. అదే చోట, అదే వేళలో, రెండు మూడు నెలలకోసారి కొలుచుకుని, నిన్నటి మీతో ఇవాళ్టి మిమ్మల్ని పోల్చుకోవడం మేలు.

ఇవి ఆరోగ్యవంతుల కోసం ఉద్దేశించినవి. గుండె జబ్బు, అధిక రక్తపోటు, ఆయాసం ఉన్నవారు ముందు వైద్యుణ్ని అడగాలి. మధ్యలో ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే వెంటనే ఆపి, వైద్య సాయం తీసుకోవాలి.