కొలనులో కొలువు... మరి జడ సంగతి?

నడుం దాకా జడ ఉన్న అమ్మాయి బ్యాంకులో చేరినా, బడిలో పంతులమ్మగా చేరినా ఎవరూ ఏమీ అనరు. అదే అమ్మాయి స్విమ్మింగ్ పూల్‌లో కోచ్‌గానో, లైఫ్‌గార్డ్‌గానో చేరిందనుకోండి, ముందు వినబడే మాట "అయ్యో, జుట్టంతా పాడైపోదూ!" అని. ఆ భయంలో నిజం లేకపోలేదు. వేసవి సెలవుల్లో నెల్లాళ్ళు సరదాగా ఈదేవారికీ, పొద్దున ఆడవాళ్ళ బ్యాచ్, సాయంత్రం పిల్లల బ్యాచ్ అంటూ రోజూ మూడు నాలుగు గంటలు నీళ్ళలోనే గడిపేవారికీ పోలికే లేదు.

అసలు నీళ్ళు జుట్టునేం చేస్తాయి? వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పులాంటిది. సన్నని పొలుసులు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. వాటి సందుల్లోంచి నీరు లోపలికి దిగుతుంది. బాగా నానిన వెంట్రుక తన బరువులో దాదాపు మూడో వంతు నీటిని పీల్చుకుంటుంది. ఉబ్బడం, ఆరడం, మళ్ళీ ఉబ్బడం... ఇలా రోజుకి రెండుసార్లు జరుగుతుంటే పొలుసులు లేచిపోక ఏమవుతాయి? దానికి తోడు క్లోరిన్. క్రిములు చావడానికి కొలనులో లీటరు నీటికి ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాముల దాకా దాన్ని ఉంచుతారు. అది క్రిములతో ఆగదు, మాడు నుంచి వచ్చే సహజమైన నూనెనీ లాగేస్తుంది. మరక పోవాలని బ్లీచింగ్ వేస్తే చీరే పీలికలైన అనుభవం మనలో చాలామందికి ఉన్నదే కదా!

మనవాళ్ళు జాగ్రత్తంతా ఈత అయ్యాక మొదలుపెడతారు. కానీ నీళ్ళలోకి దిగకముందు చేసేదే ఎక్కువ పనిచేస్తుంది. కొలనులో దిగేముందు షవర్ కింద మంచినీళ్ళతో జుట్టు పూర్తిగా తడపాలి. అప్పటికే కడుపు నిండిన వెంట్రుక క్లోరిన్ నీళ్ళని అంతగా తాగదు.

ఇక నూనె. ఇక్కడ మన అమ్మమ్మల మాటే నెగ్గింది. కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ పోల్చి చూసిన ఒక పరిశోధన 2003లో వెలువడింది. జుట్టులోని ప్రోటీన్ పోకుండా కాపాడింది కొబ్బరినూనె ఒక్కటే. అది పైపైన ఉండిపోకుండా వెంట్రుక లోపలికి ఇంకుతుంది. అలాగని నూనె కారుతున్న తలతో కొలనులో దిగితే పక్కవాళ్ళు ఊరుకోరు, చాలాచోట్ల నిబంధనలూ ఒప్పుకోవు. నీళ్ళలో జిడ్డు చేరితే క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది. కనుక ముందురోజు రాత్రే ఒకటి రెండు చెంచాల నూనె మాడు వదిలేసి జడ పొడవునా, ముఖ్యంగా చివర్లకి, పట్టించి పడుకోండి. పొద్దున పైనున్న జిడ్డు తుండుతో తుడిచేసి, కొలను దగ్గర షవర్ కింద తడిస్తే చాలు.

బయటికి వచ్చాక వెంటనే మంచినీళ్ళతో కడుక్కోవాలి. పూటపూటా షాంపూ వద్దు, కండిషనర్ మాత్రం తప్పదు. కుంకుళ్ళ తలంటు ఆదివారానికి ఉంచుకోండి. జుట్టు ఎక్కువ తెగేది మాత్రం నీళ్ళలో కాదు, దువ్వెన దగ్గరే! తడి వెంట్రుక సాగుతుంది, పుటుక్కున తెగుతుంది. కండిషనర్ ఉండగానే పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెనతో చివర్ల నుంచి పైకి చిక్కు తీసుకోవాలి. తడిజడ బిగించి అల్లుకుని రెండో బ్యాచ్‌కి పరుగెత్తితే మాడు వాసన వస్తుంది, ఫంగస్ కూడా చేరుతుంది.

మా కాలనీలో ఒకమ్మాయి మూడేళ్ళుగా ఒక క్లబ్బులో ఆడవాళ్ళకి ఈత నేర్పుతోంది. మొన్నామధ్య పెళ్ళి కుదిరింది. "జడ చూసే కదా చేసుకుంటున్నాం, ఇంక ఆ నీళ్ళల్లో దిగకపోతేనేం" అని కాబోయే అత్తగారు కబురంపారు. తల్లిదీ అదే పాట. "చూడండి పిన్నిగారూ, దువ్వెన నిండా ఎలా వస్తోందో!" అని నా ముందు పెట్టింది. "నెల జీతం అంటూ నా చేతికొచ్చేది దీంతోనే ఆంటీ, నాకొచ్చిన విద్యా ఇదే" అని ఆ పిల్ల కళ్ళనీళ్ళ పర్యంతమైంది.

చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ జడని వదిలేసి రాలిన వెంట్రుకలు చూపించమంది. నీళ్ళ వల్ల పాడైన జుట్టయితే మధ్యలో తెగి పొట్టి ముక్కలుగా ఊడుతుందట. ఇవేమో పొడవుగా, ఒక కొసన చిన్న తెల్లటి బుడిపెతో ఉన్నాయి. అంటే కుదురు నుంచే రాలుతున్నాయన్నమాట. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర. పన్నెండు ఉండాల్సింది! నేరం ఒంట్లో పెట్టుకుని నీళ్ళ మీద వేస్తున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. థైరాయిడ్ లోపమున్నా, కాన్పయిన కొన్ని నెలలకీ ఇలాగే రాలుతుంది. ఈత మానేస్తే ఇవి నయమవుతాయా? ఐరన్ మాత్రలు మొదలుపెట్టిన నాలుగు నెలలకి ఆ పిల్లకి రాలడం తగ్గింది. ఉద్యోగం మానలేదు. అత్తగారు మాత్రం ఇప్పటికీ పూర్తిగా నమ్మినట్టు లేదు.

ఇంత తంటా ఎందుకు, కత్తిరించుకోరాదా అనేవారూ ఉంటారు. కత్తిరించుకోవచ్చు, అదేం నేరం కాదు. కానీ అది ఆ జడ మోసే మనిషికి తోచాలి.

క్యాప్ పెట్టుకుంటే తల తడవదని కొందరి నమ్మకం. ఏ క్యాప్ అయినా నీటిని పూర్తిగా ఆపదు, రాపిడినీ చిక్కునీ మాత్రం బాగా తగ్గిస్తుంది. రబ్బరువి జుట్టు పీకుతాయి, గుడ్డవి నీళ్ళు ఆపవు, సిలికాన్‌వి మేలు. మామూలు సైజులో మన జడలు పట్టవు. ఈ బాధ మనకొక్కరికే కాదు. ఒత్తయిన ఉంగరాల జుట్టున్న నల్లజాతి ఈతగత్తెల కోసం బ్రిటన్‌లో 'సోల్ క్యాప్' అని పెద్ద టోపీ తయారుచేస్తే, 2021 టోక్యో ఒలింపిక్స్‌కి దాన్ని అంతర్జాతీయ ఈత సమాఖ్య ఒప్పుకోలేదు. నలువైపులా విమర్శలొచ్చాక 2022లో ఒప్పుకుంది. పొడవు జుట్టుకి సరిపోయే పెద్ద సైజు క్యాప్‌లు ఇప్పుడు ఆటసామాన్ల దుకాణాల్లో అడిగితే తెప్పిస్తారు. ముడి నడినెత్తిన కాకుండా మెడ దగ్గర, పరుచుకునేలా చుట్టుకోండి. పిన్నులు పెడితే క్యాప్ చిరుగుతుంది, గుడ్డ చుట్టిన రబ్బరు బ్యాండు చాలు. రెండు బ్యాచ్‌లుంటే రెండు క్యాప్‌లు కొనుక్కోవాలి. వాడినదాన్ని మంచినీళ్ళలో జాడించి, నీడన ఆరేసి, లోపల కాస్త టాల్కం పౌడరు చల్లి పెట్టుకుంటే మర్నాటికి అతుక్కుపోకుండా ఉంటుంది.